చేతి మీద వాలి పల్లీలు పట్టుకుపోయిన బూడిదరంగు పిట్ట, ఇంత తిండి ఎక్కడ దాస్తోంది?

మేపుల్_దారి (బ్రాంప్టన్):

అందరికీ నమస్కారం. ఒంటారియోలోని ఆల్గాంక్విన్ పార్కుకి ఎప్పుడూ ఆకులు ఎర్రబడే రోజుల్లోనే వెళ్తాం, ఈసారి పిల్లలు మంచులో నడవాలని పట్టుబడితే ఫిబ్రవరిలో వెళ్ళాం. హైవే 60 పక్కన స్ప్రూస్ బాగ్ బోర్డ్‌వాక్ అని చెక్కబాట ఉంటుంది కదా, అక్కడ కారు దిగి గ్లవ్స్ తొడుక్కునేలోపే ఒక పిట్ట వచ్చి మా కారు అద్దం మీద కూర్చుంది. అరుపు లేదు, రెక్కల చప్పుడు కూడా దాదాపు లేదు. ఒళ్ళంతా బూడిదరంగు, నుదురు తెలుపు, తల వెనక నల్లటి మచ్చ, పొట్టి నల్ల ముక్కు, పొడుగు తోక. చలికి ఈకలు ఉబ్బించుకుని బంతిలా ఉంది.

అక్కడికి వచ్చిన వేరే కుటుంబం వాళ్ళు ఉప్పు లేని పల్లీలు మా చిన్నవాడి చేతిలో పోశారు. పిట్ట నేరుగా వాడి గ్లవ్ మీదకి వచ్చి వాలింది. ఒక పల్లీ తీసుకుంది, కింద పడేసింది, పక్కనున్న పెద్దది ఏరుకుంది, దాన్ని గొంతులోకి తోసుకుని ఇంకొకటి, ఇంకొకటి! ఆపైన పక్కనున్న స్ప్రూస్ (సూదుల్లాంటి ఆకులుండే) చెట్టు మీదకి పోయి, తల అటూ ఇటూ తిప్పుతూ బెరడు సందులో ఏదో కుక్కింది. నిమిషంలో మళ్ళీ వచ్చింది. అలా ఎన్నిసార్లో. తర్వాత రెండోది కూడా వచ్చింది, రెండింటి కాళ్ళకీ రంగురంగుల రింగులు ఉన్నాయి.

ఇది ఏం పిట్ట? అంత ఆకలిగా ఉందా, లేక మనుషులకి అలవాటు పడి అడుక్కుంటోందా? దాచినవన్నీ దానికి గుర్తుంటాయా? ఇంకో సంగతి, మా ఇంట్లో దీని మీద పెద్ద చర్చే నడుస్తోంది. ఇంత చలిలో నోరు లేని జీవికి పెడితే పుణ్యమేనని మా అత్తగారు, అడవి జంతువులకి తిండి పెట్టకూడదని మా ఆయన. తెలిసినవాళ్ళు చెప్పండి.

ఒంటారియో_పక్షులు:

నమస్తే అండీ. మీరు చూసింది కెనడా జే. తల మీద ఈకల కుచ్చు లేకపోవడం, తల వెనక నల్లమచ్చ, మీదకి వచ్చి వాలే చొరవ, ఈ మూడూ కలిస్తే అనుమానమే అక్కర్లేదు. పాత పుస్తకాల్లో గ్రే జే అని ఉంటుంది, 2018లో మళ్ళీ కెనడా జే అనే పాత పేరే ఖాయం చేశారు. అడవుల్లో తిరిగేవాళ్ళు విస్కీ జాక్ అనీ, క్యాంపుల్లో బేకన్ ముక్కలు ఎత్తుకుపోతుంది కాబట్టి క్యాంప్ రాబర్ అనీ అంటారు. కాకి కుటుంబమే. బరువు మాత్రం 70 గ్రాములకి అటూ ఇటూ, అంతే.

ఇక అసలు సంగతి. ఆ పిట్ట మీ దగ్గరికి ఆకలితో రాలేదు. ఇది చాలామందికి తెలియదు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. ఆకలితో ఉన్న పిట్ట దొరికింది దొరికినట్టు అక్కడే పొడుచుకు తింటుంది. ఇది తినదు, పట్టుకుపోతుంది. మీవాడి చేతిలో పల్లీలు మార్చి మార్చి చూసుకుంది కదా, అది మోసుకెళ్ళే సరుకు ఎంచుకోవడం. దానికి కావలసినంత దొరికినా ఆగదు, ఎందుకంటే దానికి సరిపోయినంత అనేది లేదు. నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా ఆ అడవిలో పురుగు ఉండదు, పండు ఉండదు, నేల మీద మోకాలు దాటి మంచు. అయినా ఈ పిట్ట దక్షిణానికి వలస పోదు. జంటగా ఏడాది పొడవునా తమ హద్దుల్లోనే ఉంటాయి. అలా ఉండగలగడానికి కారణం ఒక్కటే, ముందే దాచిపెట్టుకున్న తిండి.

దాచే పద్ధతి చూడండి. దీని నోట్లో లాలాజల గ్రంథులు మామూలు పిట్టల కంటే బాగా పెద్దవి, ఉమ్ము జిగురులా ఉంటుంది. పురుగు, బెర్రీ పండు, పుట్టగొడుగు ముక్క, చచ్చిన జింక మాంసం, మీ పల్లీ, ఏదైనా సరే నోట్లో తిప్పి ఉమ్ముతో ముద్ద చేసి బెరడు కిందో, కొమ్మ పంగలోనో, చెట్టుకి నాచులా వేలాడే లైకెన్ గుబుర్లలోనో అంటిస్తుంది. ఆరాక అది గట్టిగా పట్టుకుంటుంది. గాలికి ఊడదు. పైగా చెట్టు మీద, అంటే మంచు పేరుకునే ఎత్తుకి పైన ఉంటుంది కాబట్టి జనవరిలో తవ్వుకోనక్కర్లేదు. కొన్నిసార్లు దాని మీద లైకెన్ తునకో బెరడు పెచ్చో కప్పి కనబడకుండా చేస్తుంది, ఓపికగా నిలబడి చూస్తే మీ కళ్ళముందే చేస్తుంది.

ఒక్కచోట దాచదు, వేల చోట్ల ఒక్కొక్క ముద్ద. ఉత్తరాన వేసవిలో పగలు చాలా పొడుగు, అలాంటి రోజున ఒక్క పిట్ట వెయ్యి దాకా ముద్దలు దాస్తుందని లెక్క కట్టారు. అంతా ఒకచోట పెడితే ఉడతకో బ్లూ జే అనే నీలి పిట్టకో దొరికిన రోజున మొత్తం పోతుంది. అందుకే చెదరగొట్టి పెడుతుంది. అందులో చాలావరకు గుర్తు పెట్టుకుని మళ్ళీ తీస్తుంది. అన్నీ తీయదు, అన్నీ తీయాల్సిన అవసరమూ ఉండదు.

ఆ కాళ్ళ రింగులు పరిశోధకులు వేసినవి. ఆల్గాంక్విన్‌లో ఈ పిట్టల మీద 1960ల నుంచి ఆపకుండా అధ్యయనం నడుస్తోంది, ఒక్కో పిట్టకి ఒక్కో రంగుల వరుస. పార్కులో చీఫ్ నేచురలిస్ట్‌గా పనిచేసిన డాన్ స్ట్రిక్‌ల్యాండ్ దశాబ్దాల తరబడి వీటి గూళ్ళు వెతికారు, ఇప్పుడు గ్వెల్ఫ్ యూనివర్సిటీలో రయన్ నోరిస్ బృందం ఆ పని ముందుకి తీసుకెళ్తోంది. మీ ఫోటోల్లో రింగుల రంగులు కనబడుతుంటే పడేయకండి, దాచి ఉంచండి.

తిండి పెట్టొచ్చా లేదా అన్నది పెద్ద విషయం, సాయంత్రం తీరిగ్గా రాస్తాను.

క్యాల్గరీ_చలి:

రాకీ పర్వతాల్లో బాన్ఫ్, లేక్ లూయీజ్ వైపు వచ్చేవాళ్ళు ఒకటి గమనించండి. ఇక్కడ కెనడా జేతో పాటు క్లార్క్స్ నట్‌క్రాకర్ కూడా అదే పార్కింగ్ స్థలాల్లో తిరుగుతుంది, అదీ బూడిదరంగే, అదీ భయం లేకుండా దగ్గరికి వస్తుంది, అదీ కాకి కుటుంబమే. మన తెలుగు గ్రూపుల్లో వచ్చే ఫోటోల్లో రెండింటినీ కలిపేస్తున్నారు. నట్‌క్రాకర్‌కి రెక్కలు నల్లగా, వాటిలో తెల్ల పట్టీ, ముక్కు పొడుగ్గా సూదిగా ఉంటుంది. గొంతు కర్ణకఠోరం. కెనడా జే ముక్కు పొట్టి, మొహం మెత్తగా ఉంటుంది.

దాచే తీరు కూడా వేరు. నట్‌క్రాకర్ పైన్ గింజలు నేలలో పాతిపెడుతుంది, ఒక్క సీజన్‌లో వేలకు వేలు. మరిచిపోయిన గింజల నుంచి వైట్‌బార్క్ పైన్ మొక్కలు మొలుస్తాయి, ఆ చెట్టు జాతి బతికేదే ఈ పిట్ట మీద ఆధారపడి. కెనడా జే దాచేది మాంసం, పండ్లు, పురుగులు. గింజలైతే పొడిగా ఎంతకాలమైనా ఉంటాయి, మాంసం కుళ్ళుతుంది. ఈ ఒక్క తేడా వల్లే కెనడా జేకి చలి అంత ముఖ్యం.

తిండి గురించి: ఇక్కడ జాతీయ పార్కుల్లో ఏ అడవి ప్రాణికి తిండి పెట్టినా చట్టరీత్యా నేరం, 25,000 డాలర్ల దాకా జరిమానా వేయొచ్చు. పిట్ట ఒక్కటే కదా అనుకుంటాం, కానీ మనం రాల్చిన దానికి ఉడతలొస్తాయి, ఎలుగుబంట్లొస్తాయి. మనుషుల తిండి రుచి మరిగిన ఎలుగుబంటిని చివరికి చంపాల్సి వస్తుంది. మా ఇంటికి ఇండియా నుంచి ఎవరు వచ్చినా కారు ఎక్కేముందే చెప్పేస్తాను, చిప్స్ ప్యాకెట్ బయట తెరవొద్దని.

ఇంకో ముక్క. 2016లో రాయల్ కెనేడియన్ జియోగ్రాఫికల్ సొసైటీ దీన్నే దేశపు జాతీయ పక్షిగా సిఫారసు చేసింది. జనం ఓట్లలో లూన్ అనే నీటి పక్షి మొదటిది, మంచు గుడ్లగూబ రెండోది, ఇది మూడోది, అయినా దీన్నే ఎంచుకున్నారు. ప్రభుత్వం మాత్రం ఇంతవరకు ఏ పక్షినీ ప్రకటించలేదు. నా దృష్టిలో ఆ ఎంపిక నూటికి నూరుపాళ్ళూ సరైనది. దేశంలోని అన్ని ప్రావిన్సుల్లో, టెరిటరీల్లో ఉండేది, చలికాలం వస్తే దక్షిణానికి పారిపోకుండా ఇక్కడే ఉండేది ఇదే.

మేపుల్_దారి:

ఇద్దరికీ చాలా థాంక్స్ అండీ. మా పెద్దది మీ రిప్లై చదివి వాళ్ళ టీచర్‌కి చెప్తానంటోంది. ఫోటోల్లో ఒకదానికి ఎడమ కాలి మీద రెండు రింగులు స్పష్టంగా ఉన్నాయి, రెండోదానికి కాలు ఈకల్లో మునిగిపోయింది.

ఒక డౌట్. ఇవి ఫిబ్రవరి, మార్చిలోనే గూడు కడతాయని అక్కడ ఒకాయన అన్నారు. మేం వెళ్ళిన రోజు మైనస్ 24 ఉంది. ఆ చలిలో గుడ్లు ఎలా బతుకుతాయి? అసలు మే, జూన్ దాకా ఆగొచ్చు కదా, అన్ని పిట్టలూ అప్పుడే కదా కట్టేది.

ఒంటారియో_పక్షులు:

ఆయన చెప్పింది నిజమే అండీ. ఫిబ్రవరి చివర్లో పుల్లలు ఏరడం మొదలుపెడతాయి, మార్చిలో గుడ్లు. స్ప్రూస్ చెట్టులో, ఎక్కువగా ఎండ తగిలే వైపు, మందమైన గిన్నె లాంటి గూడు. బయట పుల్లలు, లోపల లైకెన్, గొంగళిపురుగుల గూళ్ళ పట్టు, జంతువుల వెంట్రుకలు, అన్నిటికంటే లోపల గ్రౌస్ లాంటి పక్షుల ఈకలు. సాధారణంగా మూడు గుడ్లు. ఆడదే పొదుగుతుంది, 18, 19 రోజులు. మైనస్ 30 ఉన్నా, మీద మంచు కురుస్తున్నా గూడులోంచి దాదాపు కదలదు. మగది దాచిన ముద్దలు తీసుకొచ్చి పెడుతుంటుంది. వీపు మీద మంచు, దాని కింద ఒక వేలు మందం దూరంలో గుడ్లు వెచ్చగా! నేను ఒకసారి టెలిస్కోప్‌లోంచి అలా చూశాను, వీపు మీద తెల్లగా మంచు పేరుకుని ఉంది, కన్ను మాత్రం తెరిచి మమ్మల్నే చూస్తోంది.

ఎందుకంత తొందర అన్న ప్రశ్నకి ఒక్క ముక్కలో తేలే జవాబు లేదు. మే, జూన్‌లో రెండోసారి గూడు కట్టవు, అప్పుడు వాతావరణం హాయిగా ఉన్నా సరే. నాకు నమ్మకంగా అనిపించేది ఇది: ముందు పుట్టిన పిల్లలకి ఎండాకాలం మొత్తం చేతిలో ఉంటుంది, దాచడం నేర్చుకోవడానికీ దాచడానికీ. ఆగస్టులో గూడు వదిలిన పిల్ల ఎంత దాస్తుంది చెప్పండి.

పిల్లలు మొదటి వేసవిలో బూడిదరంగులో ఉండవు, బొగ్గులా నల్లగా ఉంటాయి. వేరే పక్షి అనుకుంటారు చాలామంది. ఏప్రిల్ చివర్లోనో మే మొదట్లోనో గూడు వదులుతాయి. జూన్‌లో తోబుట్టువుల మధ్య గొడవ మొదలవుతుంది, బలమైనది మిగతావాటిని తరిమేస్తుంది. గెలిచిన ఒక్కటి అమ్మానాన్నల దగ్గర శీతాకాలం గడుపుతుంది, ఓడినవి పొట్ట చేతపట్టుకుని పోవాల్సిందే. వాటిలో కొన్నిటిని పిల్లలు లేని వేరే జంట తమ హద్దుల్లో ఉండనిస్తుంది, ఎక్కువ భాగం మాత్రం చలికాలం చూడకుండానే పోతాయి. ఇది వినడానికి బాధగా ఉంటుంది, మీ పెద్దమ్మాయికి చెప్పాలో వద్దో మీ ఇష్టం. కానీ ఒక హద్దులో దాచగలిగిన తిండి ఎక్కువమందికి సరిపోదు, అడవి లెక్క అది.

సడ్‌బరీ_సీమ:

అన్నా, నేను ఇక్కడ సడ్‌బరీ దాటి ఉత్తరాన ఉంటా. మా ఇంటి వెనక అడవే. పెట్టకూడదు పెట్టకూడదు అనేవాళ్ళతో నాకు పేచీ. ఇక్కడ వేటగాళ్ళు దుప్పి కోసిన చోట పేగులు వదిలేసి పోతారు, ఈ పిట్టలు వాటి మీద వారాలు బతుకుతాయి. తోడేళ్ళు వదిలిన కళేబరం మీద కూడా ఇవే. వందల ఏళ్ళుగా ఉచ్చులు వేసే ట్రాపర్ల వెంట, వేటగాళ్ళ వెంట తిరిగిన పిట్ట ఇది, తుపాకీ చప్పుడు వింటే పారిపోకుండా దగ్గరికొస్తుంది. అంటే మనిషి దగ్గర తినడం దానికి కొత్త అలవాటు కాదు. నేను చెట్టుకి సూయెట్ కొవ్వు కడతా, ప్రతి చలికాలం జంట వస్తుంది. దానివల్ల చెడిందేముంది? పార్కులో వీటి సంఖ్య తగ్గిపోతోందని మీరే అంటుంటారు, అలాంటప్పుడు నాలుగు పల్లీలు ఎక్కువ పెడితే మంచిదే కదా.

ఒంటారియో_పక్షులు:

మీ మాటలో నిజం ఉంది అన్నా, అందుకే దీనికి తీరిగ్గా రాస్తానన్నాను.

తిండి ఎక్కువ దొరికితే వీటికి లాభమే, అందులో వాదన లేదు. ఆల్గాంక్విన్‌లో 40 ఏళ్ళకి పైగా పోగుచేసిన గూళ్ళ వివరాలు, కొన్ని జంటలకి కావాలని అదనంగా తిండి పెట్టి చేసిన ప్రయోగం, రెండూ కలిపి 2015లో ప్రచురించారు. తిండి అందిన జంటలు ముందుగా గూడు కట్టుకున్నాయి, పిల్లల పెంపకంలోనూ మెరుగ్గా ఉన్నాయి. మీ సూయెట్ జంటకి కూడా అలాగే ఉండి ఉంటుంది.

కానీ పార్కులో సంఖ్య తగ్గడానికి కారణం తిండి లేకపోవడం కాదు, దాచిన తిండి పాడైపోవడం. ఈ ఒక్క విషయం అర్థమైతే మిగతాదంతా దానంతటదే తెలుస్తుంది. ఈ పిట్టకి అడవే ఫ్రిజ్. సెప్టెంబర్, అక్టోబర్‌లో అంటించిన మాంసపు ముద్ద మార్చి దాకా నిలవ ఉండాలంటే శరదృతువు త్వరగా చల్లబడాలి, ఆ తర్వాత గడ్డకట్టి గడ్డకట్టినట్టే ఉండాలి. థామస్ వెయిట్, డాన్ స్ట్రిక్‌ల్యాండ్ 2006లో రాసిన పేపర్‌లో చూపించింది ఇదే. శరదృతువు వెచ్చగా గడిచిన ఏడాది తర్వాత వచ్చే వసంతంలో గూళ్ళు ఆలస్యమవుతాయి, పిల్లలు తక్కువవుతాయి. తర్వాత వచ్చిన పరిశోధనల్లో ఇంకో సంగతి తేలింది, చలికాలంలో మధ్యమధ్య కరగడం, మళ్ళీ గడ్డకట్టడం ఎక్కువైనా దెబ్బే. కరిగినప్పుడల్లా బాక్టీరియా పని మొదలుపెడుతుంది. పార్కులో వీటి సంఖ్య 1980ల నుంచి సగానికి పైగా పడిపోయింది. గూడు ఖాళీ చేసిన హద్దుల్లోకి కొత్త జంటలు రావడం లేదు.

అందులోనూ అన్ని హద్దులూ ఒకేలా ఖాళీ కాలేదు. స్ప్రూస్ చెట్లు దండిగా ఉన్న చోట జంటలు నిలబడ్డాయి, మేపుల్, బీచ్ లాంటి ఆకు రాల్చే చెట్లు ఎక్కువున్న చోట్ల పోయాయి. ఎందుకని చూడటానికి ముద్దల్లాంటి తిండి ముక్కలు వేర్వేరు చెట్ల మీద పెట్టి కొన్ని నెలల తర్వాత తూచారు. స్ప్రూస్, పైన్ బెరడు కింద పెట్టినవి బాగా నిలిచాయి, ఆకు రాల్చే చెట్ల మీదవి ఎక్కువ పాడయ్యాయి. ఆ బెరడులోని జిగురులో క్రిములని ఆపే గుణం ఉండటం వల్ల కావచ్చని వాళ్ళ ఆలోచన. మేపుల్_దారి గారూ, మీవాడి పల్లీ స్ప్రూస్ బెరడులోకి పోయిందన్నారు కదా, ఆ పిట్ట మంచి చోటే చూసుకుంది.

కాబట్టి అన్నా, పల్లీలు ఎన్ని పెట్టినా డిసెంబర్‌లో కురిసే వానని ఆపలేం. సడ్‌బరీ పైన మీ దగ్గర ఇంకా చలి బాగానే పడుతోంది, మీరు చూస్తున్నది ఆరోగ్యంగా ఉన్న జంట. ఆల్గాంక్విన్ వీటి దక్షిణపు అంచు, దెబ్బ ముందు తగిలేది అంచుకే. మొత్తం జాతికి ఇప్పటికిప్పుడు ముప్పేమీ లేదు, అలాస్కా నుంచి న్యూఫౌండ్‌లాండ్ దాకా లక్షల్లో ఉన్నాయి. అలాగని అంచున జరిగేది పట్టించుకోకుండా ఉండలేం.

మీ సొంత పెరట్లో సూయెట్ కట్టండి, నేను కాదనను. పార్కుల్లో అయితే అక్కడి బోర్డు ఏం చెబితే అది. జాతీయ పార్కుల్లో అసలు వద్దు. ఎక్కడ పెట్టినా చిప్స్, బ్రెడ్, మిక్చర్, ఉప్పు పట్టించిన జీడిపప్పు మాత్రం ఇవ్వకండి. మిక్చర్ అని ఎందుకన్నానంటే చూశాను కాబట్టి. అది దాచేది తన పిల్లలకి ఏప్రిల్‌లో పెట్టడానికి. మనం ఇచ్చిన కారప్పూస కూడా అక్కడికే చేరుతుంది.

ఉమియో_ఉత్తరం (స్వీడన్):

ఈ థ్రెడ్ చదివి రాయకుండా ఉండలేకపోయాను. మా దగ్గర దీని దగ్గరి చుట్టం ఉంది, సైబీరియన్ జే. స్వీడిష్‌లో లావ్‌స్క్రీకా, ఫిన్లాండ్‌లో కూక్కెలి అంటారు. నార్వే నుంచి సైబీరియా తూర్పు చివర దాకా ఇదే. సైజూ తీరూ మీ కెనడా జే లాంటివే, ఒళ్ళు కాస్త గోధుమరంగు, తోకలోనూ రెక్కల్లోనూ తుప్పురంగు ఉంటుంది. ఎగిరినప్పుడు ఆ ఎరుపు విచ్చుకుంటే స్ప్రూస్ చీకట్లో ఎంత అందంగా ఉంటుందో మాటల్లో చెప్పలేను. ఇదీ లైకెన్ గుబుర్లలో తిండి దాస్తుంది, ఇదీ మంట వేసుకుని కూర్చుంటే పక్కన వచ్చి వాలుతుంది. ఈ దగ్గరి చుట్టాల్లో మూడోది చైనాలో సిచువాన్ వైపు ఎత్తైన కొండ అడవుల్లో ఉంది, దాన్ని చూసినవాళ్ళే తక్కువ.

ఉత్తర స్వీడన్‌లో ఆర్విడ్స్‌యౌర్ దగ్గర వీటి మీద ఏళ్ళ తరబడి పని జరిగింది. అందులో నాకు బాగా నచ్చింది మైకేల్ గ్రీసర్ చేసినది. డేగ కనబడితే ఇవి ఊరికే అరవవు. డేగ కూర్చుని ఉంటే ఒక అరుపు, వేట కోసం వెతుకుతుంటే ఇంకొకటి, మీదకి దూకుతుంటే మరొకటి. విన్న కుటుంబం కూడా దానికి తగ్గట్టే నడుచుకుంటుంది, కూర్చున్న డేగ అయితే వచ్చి చూస్తాయి, దాడి చేస్తుంటే దాక్కుంటాయి. రికార్డు చేసిన అరుపులు వినిపించి చూసి మరీ తేల్చారు.

మా దగ్గర ముప్పు వేరే. కంపెనీలు కలప కోసం అడవిని పలుచన చేస్తాయి, కింది కొమ్మలు, చిన్న స్ప్రూస్ చెట్లు కొట్టేసి శుభ్రం చేస్తాయి. చూడటానికి తోటలా ఉంటుంది. ఈ పిట్టకి మాత్రం గూడు దాచుకోవడానికి చోటు పోతుంది, గోషాక్ డేగకి దారి సుగమం అవుతుంది. అలా పలుచన చేసిన చోట ఇవి నిలబడవు. దట్టంగా, చిందరవందరగా, లైకెన్లు వేలాడే పాత అడవి కావాలి. ఇక్కడ పిల్లల్ని తీసుకుని అడవికి వెళ్ళేవాళ్ళు ఆ తేడా కళ్ళారా చూడొచ్చు, ఒకే రోడ్డుకి రెండు పక్కలా ఉంటుంది.

హన్మకొండ_66:

నేను కెనడా ఎప్పుడూ చూడలేదు, మా అబ్బాయి అక్కడున్నాడు కాబట్టి ఈ గ్రూపులో ఉన్నాను. కాకి కుటుంబమన్నారు కదా. మా ఇంటి పైన కాకి రొట్టె ముక్క తెచ్చి పెంకుల సందులో పెట్టి, దాని మీద ఎండుటాకు కప్పి పోవడం నేను చాలాసార్లు చూశాను. మధ్యాహ్నానికి వచ్చి తీసుకుంటుంది. ఇదీ అదే బుద్ధేనా?

ఒంటారియో_పక్షులు:

అదే బుద్ధి సార్, మీరు భలే గమనించారు. మన ఊరకాకి కూడా దాస్తుంది, కప్పిపెడుతుంది. తేడా ఎంతకాలానికి అన్నదే. మన దగ్గర ఏడాది పొడవునా తిండి ఏదో ఒకటి దొరుకుతుంది, ఎండకి దాచింది రెండో రోజుకే చెడిపోతుంది, కాబట్టి పొద్దున దాచి సాయంత్రం తీస్తే సరిపోతుంది. ఇక్కడ ఆరు నెలలకి దాచాలి. దాని కోసమే ఆ ఉమ్ము గ్రంథులు అంత పెరిగాయి, మన కాకికి అవి ఆ సైజులో ఉండవు.

సడ్‌బరీ_సీమ:

కుళ్ళిపోవడం సంగతి నాకు తెలియదన్నా, బాగా చెప్పినారు. మా దగ్గర కూడా పోయిన డిసెంబర్‌లో రెండుసార్లు వాన పడింది, తన చిన్నప్పటి నుంచి ఇక్కడే ఉన్న పక్కింటి పెద్దాయన ఇట్లాంటిది ఎరగనన్నాడు. సూయెట్ మాత్రం కడతా. జంట ఈ మార్చిలో గూడు ఎప్పుడు కడుతుందో రాసిపెడతా, ఆ లెక్క ఎవరికైనా పనికొస్తుందా?

ఒంటారియో_పక్షులు:

తప్పకుండా పనికొస్తుంది. ముక్కుతో పుల్లలు, ఈకలు మోసుకుపోవడం మొదటిసారి కనబడిన తేదీ, నల్లటి పిల్లలు తల్లిదండ్రులతో కనబడిన మొదటి తేదీ, ఈ రెండూ రాయండి. ఈబర్డ్‌లో (చూసిన పక్షుల్ని నమోదు చేసే వెబ్‌సైట్) చెక్‌లిస్ట్ పెట్టేటప్పుడు కామెంట్‌లో ఇవి రాస్తే చాలు. గూడు ఎక్కడుందో మాత్రం బయట పెట్టకండి, వెంటపడి దగ్గరికి పోవద్దు.

మేపుల్_దారి గారూ, మీ ఫోటోలో రింగులు చదివేటప్పుడు ఎడమ కాలు, కుడి కాలు అనేది పిట్ట వైపు నుంచి చూడాలి, మన వైపు నుంచి కాదు. ఒక్కో కాలికి పై నుంచి కిందకి రంగులు రాయండి, వెండిరంగు మెటల్ రింగు ఏ కాలికి ఉందో కూడా. తేదీ, బోర్డ్‌వాక్ మీద ఏ చోటో కలిపి పార్కు విజిటర్ సెంటర్‌కి మెయిల్ చేయండి. రెండోదాని కాలు కనబడలేదని వదిలేయొద్దు, పక్కనే జంటగా ఇంకొకటి ఉందని రాసినా వాళ్ళకి ఉపయోగమే.

మేపుల్_దారి:

ఎడమ కాలు: పైన నీలం, కింద తెలుపు. కుడి కాలు: పైన నారింజ, కింద మెటల్. జూమ్ చేసి మా పెద్దది చదివింది, నేను రెండుసార్లు సరిచూశాను. ఇప్పుడే మెయిల్ పంపుతున్నాం, జవాబు వస్తే ఇక్కడ పెడతాను.